ఆత్మీయ తోడు: పక్కన నడిచే పిలుపు

(సంఘం యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

   

"క్రైస్తవంలో ఆత్మీయ సహచరులు అంటారు కదా, వాళ్లు చేసే పనేంటో మన పిల్లలకు చెప్పండి" అని సంఘం పెద్దలు అడిగినప్పుడు మేం కొంచెం వెనకాడాం. మన సభలో సేవాలాల్ మహరాజ్‌ను కొలిచేవాళ్లున్నారు. మేడారం గద్దెల దగ్గర పుట్టువెంట్రుకలు తీయించుకున్నవాళ్లున్నారు. ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లున్నారు. ఒక్కోసారి ఒకే ఇంట్లో ఈ ముగ్గురూ ఉంటారు. ఇక్కడ క్రీస్తు పేరెత్తితే ప్రచారం అనుకుంటారేమోనని మా సంకోచం. అయినా ఒప్పుకున్నాం. తోడు లేక నలిగిపోయే పిల్లలు ఏ ఒక్క మతంలోనో లేరు. ఇరవై ఏళ్లుగా హాస్టల్ పిల్లల మధ్య బతుకుతున్న మాకు ఆ సంగతి బాగా తెలుసు.

ముందు మాట అర్థం చూద్దాం. చర్చిలో వాడే తెలుగులో "ఆత్మీయ" అంటే ఆత్మకు సంబంధించినది. ఆత్మీయ జీవితం, ఆత్మీయ కూడికలు అంటాం. ఇంట్లో వాడే తెలుగులో మాత్రం "ఆత్మీయులు" అంటే మన వాళ్లు, మనసుకు దగ్గరివాళ్లు. ఈ రెండు అర్థాలూ కలిసినప్పుడే ఆత్మీయ తోడు అవుతారని మా నమ్మకం. మనసుకు దగ్గర కాకుండా ఆత్మ గురించి మాట్లాడేవాళ్లు బోధకులు కావచ్చు, తోడు మాత్రం కాలేరు.

ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పాలి. మేం ప్రభుత్వ హాస్టల్ వార్డెన్లం. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. 25వ అధికరణం ప్రతి ఒక్కరికీ అంతరాత్మ స్వేచ్ఛ ఇస్తుంది. ఈ రెండూ మాకు అడ్డుగోడలు అనిపించలేదు. పిల్లల అన్నం, పడక, సెలవు చీటీ మా చేతిలో ఉన్నప్పుడు, మా నమ్మకాన్ని కూడా వాళ్ల చేతిలో పెడితే వాళ్లు కాదనగలరా? కాదనలేని చోట అవుననడానికి విలువేముంది?

ఇక మన పక్కనే జరిగిన కథ చెబుతాం. వరంగల్‌లో ఖమ్మం వైపు రైలెక్కితే మహబూబాబాద్ దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. 2016లో జిల్లాలు విడిపోయేదాకా అది మన వరంగల్ జిల్లాలోనిదే. చుట్టూ మన తండాలే. అక్కడ 1939లో ప్రతిష్ఠించిన పెద్ద చర్చి ఉంది. దాన్ని చూస్తే ఒక పక్క గుడి గుర్తొస్తుంది, ఒక పక్క మసీదు గుర్తొస్తుంది. ఆ చర్చి వెనక ఉన్న మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఎడ్లబండి మీద, సైకిల్ మీద పల్లెలు తిరిగారు. ఆయన తిరిగినవి ఎక్కువగా ఊరి చివరి మాల, మాదిగ వాడలు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ఆయన బిషప్ కాకముందు జరిగిన సంగతి ఒకటుంది. 1910 జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చిన పన్నెండు వందల మందిలో చాలావరకు తెల్లవాళ్లే. ఆసియా వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. అక్కడ ముప్పై ఐదేళ్ల అజరయ్య లేచి, మిషనరీలకు, వాళ్లతో పనిచేసే భారతీయులకు మధ్య స్నేహం లేదని నిలబెట్టి చెప్పారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మేం కాదనం, కానీ మాకు స్నేహితులు కావాలి అన్నది ఆయన ప్రసంగం సారాంశం. కుర్చీ వేయడం, చేయి కలపడం, భోజనానికి పిలవడం వంటి చిన్న మర్యాదల ప్రస్తావన కూడా అందులో వచ్చింది. వాటితోనే సరిపోతుందని కాదు, అవి కూడా లేని చోట ప్రేమ ఎలా ఉంటుందని ఆయన బాధ. ఆ మాటలు విని సభలో చాలామంది నొచ్చుకున్నారు.

ఆయన జీవితమంతా అందరూ మెచ్చుకున్నదే అని మేం చెప్పం. పల్లెల్లో గుంపులుగా జరిగిన మతమార్పిడుల విషయంలో 1930లలో గాంధీజీకి, ఆయనకు గట్టి భేదాభిప్రాయం వచ్చింది. ఆ చర్చ ఈ రోజుకీ తెగలేదు. కానీ ఎడిన్‌బరోలో ఆయన అడిగిన మాట మాత్రం ఏ పక్షం వాళ్లకైనా చెల్లుతుంది. మనకు బడి కట్టించేవాళ్లు, బియ్యం పంచేవాళ్లు, పథకాలు తెచ్చేవాళ్లు, మనల్ని ఉద్ధరిస్తామనేవాళ్లు చాలామంది వచ్చారు, వస్తున్నారు. మన గుడిసెలో కింద కూర్చుని, మన కంచంలో తిన్నవాళ్లు ఎంతమంది? "ఒకే కంచం, ఒకే మంచం" అని తెలుగులో స్నేహానికి పెట్టిన కొలత ఊరికే పెట్టలేదు.

క్రైస్తవంలో తోడు ఎలా ఉండాలో చెప్పే కథ లూకా సువార్త 24వ అధ్యాయంలో ఉంది. యేసు చనిపోయిన మూడో రోజు ఇద్దరు శిష్యులు ఆశలన్నీ కూలిపోయి యెరూషలేము నుంచి ఎమ్మాయు అనే పల్లెకు నడిచిపోతున్నారు. లేచివచ్చిన యేసు వాళ్లతో కలిసి నడుస్తాడు. వాళ్లు గుర్తుపట్టరు. ఆయన "నేనే" అని చెప్పుకోడు. మీరు దేని గురించి మాట్లాడుకుంటున్నారని అడుగుతాడు. తెలిసిన సంగతినే వాళ్ల నోట పూర్తిగా వింటాడు. ఆ తర్వాతే తన మాట చెబుతాడు. పల్లె వచ్చాక ముందుకు సాగిపోబోతాడు. వాళ్లు బతిమాలితేనే ఇంట్లోకి వస్తాడు. రొట్టె విరిచినప్పుడు వాళ్ల కళ్లు తెరుచుకుంటాయి. అప్పుడాయన కనబడకుండా పోతాడు.

ఈ కథలో మేం నేర్చుకున్నవి నాలుగు. వాళ్లు నడిచే దారిలోనే, వాళ్ల నడకతోనే నడవాలి, అది తప్పుదారి అనిపించినా సరే. ముందు అడగాలి, వినాలి. పిలవకుండా ఇంట్లోకి, మనసులోకి దూరకూడదు. వాళ్ల కళ్లు తెరుచుకున్నాక పక్కకు తప్పుకోవాలి. చెప్పడానికి తేలికే. మేం ఎలా తప్పామో కూడా చెబుతాం.

ఇరవై ఏళ్ల కిందటి మాట. ఉద్యోగంలో కొత్త. బి.ఎడ్.లో చదివిన పిల్లల మనస్తత్వం పాఠాలన్నీ నోటికి వచ్చు. దసరా సెలవుల తర్వాత తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఇంటి నుంచి తిరిగొచ్చింది. బాగా చదివే పిల్ల. వచ్చిన సాయంత్రం ఆఫీసు గది గుమ్మం దగ్గర నిలబడింది. మేం మెస్ బిల్లులు చూసుకుంటున్నాం. "ఏంది బిడ్డా?" అంటే "ఏం లేదు మేడం" అని వెళ్లిపోయింది. తర్వాత తిండి తగ్గించింది. స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచి పెట్టుకుని గోడ చూస్తూ కూర్చునేది. మేం ఆమెను పిలిపించాం. మిగతా పిల్లలు చూస్తుండగా అరగంట మాట్లాడాం. కష్టపడి చదివితే జీవితం మారుతుందన్నాం. దేవుడున్నాడు, ధైర్యంగా ఉండమన్నాం. ఆమె అన్నిటికీ తలూపింది. మాకు తృప్తిగా అనిపించింది.

వారం తర్వాత వాళ్ల నాయన వచ్చి, ఇంట్లో బాగాలేదని చెప్పి తీసుకుపోయాడు. మేం సంతకం పెట్టించుకుని పంపాం. పది రోజులైనా రాకపోతే తండాకు వెళ్లాం. అప్పటికే పెళ్లయిపోయింది. దసరా సెలవుల్లోనే మాట ఖాయం చేసుకున్నారట. ఆ సాయంత్రం గుమ్మం దగ్గర ఆ పిల్ల చెప్పడానికి వచ్చింది ఆ సంగతే. అరగంట మాట్లాడిన మేం ఒక్క నిమిషం వినలేదు. విని ఉంటే ఆపడానికి చట్టం ఉంది, అధికారులున్నారు, తండా పెద్దలున్నారు. ఆ తప్పు మాదే. ఇంకెవరి మీదా వేయలేం.

కొన్నేళ్ల కిందట ఆమె మళ్లీ మా ఆఫీసు గుమ్మం దగ్గరికి వచ్చింది. కూతుర్ని హాస్టల్లో చేర్చడానికి. నిష్ఠూరమాడలేదు. ఫారం నింపాక ఒక్క మాట అంది: "మేడం, నా బిడ్డ తక్కువ మాట్లాడుతది. ఏం లేదు అంటే పంపియ్యకుండ్రి. జర పక్కన కూసోబెట్టుకోండ్రి." ఏ శిక్షణ తరగతిలోనూ మాకు ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

మా హాస్టల్లో వంట దగ్గర ఒక కోయ అక్క ఉండేది. చదువుకోలేదు, చర్చికి వచ్చేది కాదు. పిల్లలు ఆమె పక్కన చేరి బియ్యం ఏరుతూ అన్నీ చెప్పుకునేవాళ్లు. ఆమె తలెత్తి మొహంలోకి గుచ్చి చూసేది కాదు. చేతులు బియ్యంలో ఉండేవి, చెవులు పిల్ల దగ్గర ఉండేవి. మాటలు అయిపోయాక "తిన్నవా?" అనేది. ఏదైనా పెద్ద సంగతి అయితే, "ఇది మేడంకి చెప్పాలె, నేను నీ ఎంబడి వస్త" అని చేయి పట్టుకుని తీసుకొచ్చేది. ఆమెను చూశాకే మాకు అర్థమైంది, ఈ పనికి పదవి అక్కర్లేదని.

మరి క్రైస్తవ ఆత్మీయ తోడులో ప్రత్యేకం ఏముంది అని మీరు అడగవచ్చు. వినే మనిషి ఒక్కరే అక్కడ లేరని, దేవుడు కూడా ఆ ఎదుటి మనిషిలో అప్పటికే పని చేస్తున్నాడని నమ్మడమే ప్రత్యేకం. అలా నమ్మినప్పుడు తోడుగా ఉన్నవాళ్లకు తొందర ఉండదు. స్పెయిన్‌లో లొయోలా ఇగ్నేషియస్ అనే సైనికుడు 1521లో యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డాడు. ఆ పడకలో తన మనసులో ఏ ఆలోచన శాంతినిస్తోందో, ఏది ఎండగడుతోందో గమనించడం మొదలుపెట్టాడు. ఆ అనుభవం నుంచి వచ్చిన ఆత్మీయ సాధనల పుస్తకం 1548లో అచ్చయింది. అందులో తోడుగా ఉండేవాళ్లకు ఆయనిచ్చిన సలహా ఒకటి మాకు చాలా ఇష్టం. ఎదుటివాళ్లను అటూ ఇటూ మొగ్గేలా తోయకుండా త్రాసు ముల్లులా మధ్యలో నిలవాలని, సృష్టికర్తే ఆ మనిషితో నేరుగా మాట్లాడేలా వదిలేయాలని దాని భావం. సంతలో సరుకు తూచేటప్పుడు ముల్లును వేలితో నొక్కేవాణ్ణి మనం ఏమంటాం? దొంగ తూకం అంటాం. మనసుల విషయంలోనూ అంతే.

ఈ తూకం మనకు ఎక్కడ కష్టమవుతుందో చెబుతాం. హాస్టల్లో ఉండి చదువుకుని, తర్వాత కాలేజీలో స్నేహితుల ద్వారా క్రీస్తును నమ్ముకున్న అమ్మాయి ఒకతె శ్రావణంలో మా దగ్గరికి వచ్చింది. తండాలో తీజ్ పండుగ. బుట్టల్లో గోధుమ నారు పోసి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, పాడి, ఆడే పెళ్లికాని పిల్లల పండుగ. "యాడి రమ్మంటోంది. చర్చిలో ఒకరు వెళ్తే పాపమన్నారు. వెళ్లకపోతే ఇంట్లో నన్ను తమ పిల్ల కాదంటారు. వెళ్లొచ్చా, వద్దా, మీరు చెప్పండి మేడం" అని ఏడ్చింది.

మా నోటి దాకా జవాబు వచ్చింది. ఆపుకున్నాం. "వెళ్తే నీకు దేని భయం? వెళ్లకపోతే దేని భయం?" అని అడిగాం. ఆమె చాలాసేపు మాట్లాడింది. దేవుడికి కోపం వస్తుందన్న భయం కంటే, అమ్మ ఒంటరిదైపోతుందన్న బెంగే ఎక్కువని తానే కనుక్కుంది. "ప్రార్థన చేసుకో. నువ్వు ఏది తేల్చుకున్నా మేం నీ పక్కనే ఉంటాం" అన్నాం. ఆమె వెళ్లింది. అక్కడ ఏం చేసింది, ఏం చేయలేదు అని మేం ఆరా తీయలేదు. తిరిగొచ్చినప్పుడు అమ్మ కట్టిచ్చిన రొట్టెలు తెచ్చి గదిలో అందరికీ పంచింది. ఇంకో అమ్మాయి అయితే వెళ్లకూడదని తేల్చుకునేదేమో. అప్పుడు ఆ మాట అమ్మకు ప్రేమగా ఎలా చెప్పాలో ఆలోచించడంలో తోడుండేవాళ్లం.

ఇక్కడ యువతకు ఒక సంగతి గట్టిగా చెప్పాలి. షెడ్యూల్డ్ తెగల జాబితాకు మతం షరతు కాదు. చర్చికి వెళ్లినంత మాత్రాన మీరు లంబాడీలు కాకుండా పోరు, కోయలు కాకుండా పోరు. ఎవరైనా క్రీస్తు పేరు చెప్పి మీ గోర్ బోలీని, మీ కోయ భాషను, మీ అమ్మ కట్టుకున్న పేటియాను అసహ్యించుకోమంటే వాళ్లు ఆత్మీయ తోడు కాదు. అలాగే ఎవరైనా సంస్కృతి పేరు చెప్పి మీ అంతరాత్మను బెదిరిస్తే వాళ్లూ తోడు కాదు.

దొంగ తోడును గుర్తుపట్టడం కూడా నేర్చుకోండి. మన మధ్య జరిగిన ఈ మాట ఎవరికీ చెప్పొద్దు అని పదేపదే అనేవాళ్లు, అమ్మానాన్నల నుంచి, స్నేహితుల నుంచి మిమ్మల్ని విడదీసేవాళ్లు, ప్రార్థనకు డబ్బు ముడిపెట్టేవాళ్లు, రాత్రిళ్లు ఒంటరిగా రమ్మనేవాళ్లు, మిమ్మల్ని ముట్టుకోవడానికి దేవుడి పేరు వాడేవాళ్లు. వీళ్లు ఏ వేషంలో ఉన్నా, చేతిలో ఏ పుస్తకం ఉన్నా దూరంగా జరగండి, పెద్దవాళ్లకు చెప్పండి.

నిజమైన తోడు మీ రహస్యం కాపాడతారు. కానీ దానికీ ఒక హద్దు ఉంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, చిన్నపిల్లల మీద అఘాయిత్యం జరిగినప్పుడు, పద్దెనిమిది నిండకుండా పెళ్లి తలపెట్టినప్పుడు రహస్యం పేరుతో ఊరుకోవడం ద్రోహం. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు తెలియజేసి తీరాలని 2012 పోక్సో చట్టం చెబుతుంది. పిల్లల సహాయానికి 1098, మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి టెలి మానస్ 14416. ఈ రెండు నంబర్లూ ఇప్పుడే ఫోన్లో దాచుకోండి. ప్రార్థన చేసే చేతులే ఈ నంబరు కూడా నొక్కవచ్చు. మందు అవసరమైన చోట డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం విశ్వాసం తక్కువై కాదు.

ఇక పిలుపు సంగతి. క్రైస్తవంలో పిలుపు అంటే చాలామంది పాస్టరు కావడమో, ఫాదరు కావడమో, సిస్టరు కావడమో అనుకుంటారు. అది ఒక పిలుపే. కానీ డోర్నకల్ పల్లెల్లో సంఘాలను నిలబెట్టిన వాళ్లలో పెద్ద పేర్లు లేని గ్రామ ఉపాధ్యాయులు, వాళ్ల భార్యలు ఎంతోమంది ఉన్నారు. పగలు అక్షరాలు, సాయంత్రం ప్రార్థన, రాత్రి ఎవరింట్లోనో జ్వరం వస్తే మంచం పక్కన కూర్చోవడం. ఈ పిలుపు ఆకాశం నుంచి పెద్ద గొంతుతో రాదు. ఎవరో మీ గుమ్మం దగ్గర నిలబడి "ఏం లేదు" అంటారు. అదే పిలుపు. మేం ఒకసారి దాన్ని వినలేదు. మీరు వినాలని ఈ మాటలన్నీ చెప్పాం.

అయితే ఒకటి, తోడుండేవాళ్లకూ తోడు కావాలి. అందరి బరువూ మోస్తాం అనుకున్నవాళ్లు ఏదో ఒక రోజు చీదరించుకుంటారు, లేదా కూలిపోతారు. మాకూ మా కష్టం వినే ఒక పెద్దామె ఉంది. నెలకోసారి ఆమె దగ్గరికి వెళ్తాం. ఎక్కువసార్లు ఆమె టీ పెట్టి ఇచ్చి ఊరుకుంటుంది. అంతే చాలు.

చివరిగా మీకు ఒక చిన్న పని అప్పజెబుతాం. ఈ రాత్రి హాస్టల్‌కో, గదికో వెళ్లాక, అన్నం వేళ ఎవరు ఒంటరిగా కూర్చున్నారో చూడండి. మీ కంచం తీసుకుని వెళ్లి పక్కన కూర్చోండి. ప్రశ్నలు వేయకండి. సలహాలు అసలే వద్దు. రేపు కూడా అలాగే కూర్చోండి. మూడో రోజో, పదో రోజో వాళ్లు నోరు విప్పితే, చేతిలో ఫోను పక్కన పెట్టి వినండి.

మీరు ఏ దేవుడికి దండం పెట్టుకుంటే ఆ దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. పైలంగా ఇండ్లకు చేరుకోండి.